రక్తం ఉంచే ఫ్రిజ్‌కి చార్ట్ రికార్డరా, డిజిటల్ లాగరా? తెలుగు రాష్ట్రాల బ్లడ్ బ్యాంకుల నిర్వాహకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన బ్లడ్ బ్యాంక్ మెడికల్ ఆఫీసర్లకు, ఆస్పత్రి సూపరింటెండెంట్లకు, పరికరాల కొనుగోళ్లు చూసే అధికారులకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖల వారికి,

నమస్కారం. నేను బ్లడ్ బ్యాంక్ టెక్నీషియన్‌ని. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నా పని రక్తం తీయడం, పరీక్షించడం, ఫ్రిజ్‌లో పెట్టడం, అడిగిన రోగికి సరిపోయేది చూసి ఇవ్వడం.

ఈ మధ్య పాత ఫ్రిజ్‌లు మార్చే చోటల్లా ఒకే ప్రశ్న వస్తోంది. గుండ్రటి కాగితం మీద పెన్నుతో ఉష్ణోగ్రత గీత గీసే చార్ట్ రికార్డర్ ఉంచాలా, తీసేసి ఆ రీడింగులను మెమరీలో దాచే డిజిటల్ డేటా లాగర్ పెట్టాలా? కొన్నిచోట్ల కొటేషన్‌లో ఏది తక్కువైతే అది కొంటున్నారు. ఇంకొన్నిచోట్ల కొత్తది కాబట్టి డిజిటలే మేలనుకుంటున్నారు. రెండు పద్ధతులూ సరైనవి కావు. నా మాట ముందే చెప్పేస్తాను. డిజిటల్ కొనండి, కానీ ఫ్రిజ్ తలుపు తీసే మనిషికి ఆ గీత కనిపించేలా కొనండి. అలా కొనలేని చిన్న కేంద్రాల్లో చార్ట్ రికార్డర్‌ను తీయకండి.

ఎందుకంత పట్టింపు అంటారేమో. ప్యాక్డ్ సెల్స్, అంటే రక్తం నుంచి వేరుచేసిన ఎర్ర కణాలు, ఎప్పుడూ 2 నుంచి 6 డిగ్రీల మధ్యే ఉండాలి. అంటే మన చేతిలో ఉన్న జాగా నాలుగు డిగ్రీలే. ఉష్ణోగ్రత పైకి పోతే, రక్తం తీసేటప్పుడు చర్మం మీది నుంచి చేరిన ఏ కొద్దిపాటి బాక్టీరియా అయినా బ్యాగులో పెరగడం మొదలుపెడుతుంది. కిందికి పోయి మంచులా గడ్డకడితే ఎర్ర కణాలు పగిలిపోతాయి. అలాంటి రక్తం ఎక్కించిన రోగికి కిడ్నీలు దెబ్బతినవచ్చు, ప్రాణం మీదికే రావచ్చు. ఒక పూట వేడెక్కి మళ్లీ చల్లబడిన బ్యాగు పైకి మామూలు బ్యాగులాగే ఉంటుంది. చేత్తో పట్టుకుని చూసినా ఏమీ తెలియదు. కణాలను ఎక్కువ రోజులు నిలిపే సాగమ్ ద్రావణం కలిపిన ఎర్ర కణాలకు 42 రోజులు, రక్తం గడ్డకట్టకుండా చూసే సీపీడీఏ-1 ద్రావణమున్న బ్యాగులకు 35 రోజులు గడువు వేస్తున్నామంటే, అన్ని రోజులూ చల్లదనం చెక్కుచెదరలేదన్న నమ్మకంతోనే వేస్తున్నాం. ఆ నమ్మకానికి మనకున్న సాక్ష్యం రికార్డర్ ఒక్కటే.

చట్టం కూడా దీన్ని వదిలేయలేదు. డ్రగ్స్ రూల్స్ (ఇదివరకటి పేరు డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ రూల్స్)లో షెడ్యూల్ ఎఫ్, పార్ట్ 12-బి చదివినవాళ్లకు తెలుసు. బ్లడ్ బ్యాంక్ ఫ్రిజ్‌కు థర్మామీటర్ ఒక్కటే సరిపోదు, ఉష్ణోగ్రతను నమోదు చేసే థర్మోగ్రాఫ్, అలారం కూడా ఉండాలి. రికార్డర్ చూపేది సరైనదో కాదో రోజూ థర్మామీటర్‌తో పోల్చి చూడాలి. నేను చూసినంతలో అందరూ మొదటి నిబంధనకు పరికరం కొంటారు, రెండోదాన్ని మర్చిపోతారు.

పాత చార్ట్ రికార్డర్ ఎలా పనిచేస్తుందో కొనుగోలు ఫైలు మీద సంతకం పెట్టే చాలామందికి చూసే అవకాశం వచ్చి ఉండదు. ఫ్రిజ్ లోపల ద్రవం నింపిన చిన్న లోహపు బల్బు ఉంటుంది. అక్కడి నుంచి వెంట్రుకంత సన్నటి గొట్టం బయటికి వస్తుంది. లోపల వేడి పెరిగితే ద్రవం వ్యాకోచించి, చుట్టగా ఉన్న బోర్డన్ గొట్టాన్ని కొద్దిగా విప్పుతుంది. ఆ కదలికే పెన్ను చేతిని జరుపుతుంది. కింద ఏడు రోజులకు ఒక చుట్టు తిరిగే కాగితం. కొత్త మోడళ్లలో బల్బు స్థానంలో ఎలక్ట్రానిక్ సెన్సర్, పెన్నుకు చిన్న మోటారు వచ్చాయి గానీ కాగితం, పెన్ను అవే.

ఈ కాగితం గొప్పతనం అది తలుపు మీదే ఉండటంలో ఉంది. రాత్రి రెండు గంటలకు కాన్పు కేసుకు రక్తం కావాలని పరుగెత్తుకొచ్చిన టెక్నీషియన్ ఫ్రిజ్ తీస్తూ ఆ గీత చూడకుండా ఉండలేడు. పొద్దున రోగులకు రక్తం ఎక్కువగా ఇచ్చే వేళ తలుపు మాటిమాటికీ తీస్తాం కాబట్టి గీత కొద్దిగా ఉబ్బుతుంది. అర్ధరాత్రి తర్వాత మళ్లీ సన్నబడుతుంది. గత వారం చార్ట్‌ను ఈ వారం చార్ట్ పక్కన పెట్టి చూస్తే, కంప్రెసర్ ఆగి మొదలైనప్పుడల్లా గీతలో వచ్చే పళ్లలాంటి ఎగుడుదిగుళ్లు వెడల్పు అవుతున్నాయా, గీత రోజురోజుకీ అర డిగ్రీ పైకి జరుగుతోందా అన్నది తెలుస్తుంది. గ్యాస్ తగ్గుతోందని, కండెన్సర్‌కు దుమ్ము పట్టిందని అలారం మోగడానికి చాలా ముందే ఆ కాగితం చెబుతుంది. అనుభవమున్న ఏ టెక్నీషియన్‌ని అడిగినా ఈ మాటే అంటారు.

అలాగని దాని లోపాలు దాచను. ఇంకు ఎండిపోతుంది. ఎండాకాలంలో మరీ. పెన్ను కాగితాన్ని తాకకుండా గాల్లో తేలుతుంటే గంటల తరబడి గీతే ఉండదు. గడియారం మోటారు ఆగిపోతే పెన్ను ఉన్నచోటే రుద్దుతూ మచ్చ వేస్తుంది. రికార్డర్‌కు సరిపోని స్కేలున్న కాగితం తెచ్చి వేస్తే రీడింగ్ మొత్తం అబద్ధమవుతుంది. పైగా సన్నగొట్టం ఎక్కడైనా నొక్కుకుపోతే ఆ పరికరం పని అయిపోయినట్టే, దాన్ని బాగుచేసేవాళ్లు ఇప్పుడు జిల్లాల్లో దొరకడం లేదు. ఇలాంటి రికార్డర్లు చాలావాటిలో ఒక డిగ్రీ అటూ ఇటూ తేడా మామూలే. నాలుగు డిగ్రీల జాగాలో ఒక డిగ్రీ తేడా చిన్నది కాదు.

డిజిటల్ ఈ విషయంలో స్పష్టంగా మేలు. మంచి లాగర్లలో వేడిని కొలవడానికి ఫ్రిజ్ లోపల పెట్టే పీటీ-100 ప్రోబ్‌లో ప్లాటినం తీగ ఉంటుంది. దాని నిరోధం సున్నా డిగ్రీల దగ్గర 100 ఓమ్‌లు, 4 డిగ్రీల దగ్గర 101.56 ఓమ్‌లు. అంత చిన్న తేడాను కూడా పరికరం పట్టుకుంటుంది, ఏళ్ల తరబడి పెద్దగా దారి తప్పదు. ఉష్ణోగ్రత హద్దు దాటగానే ఫోన్‌కు మెసేజ్ పంపుతుంది. మూడు నెలల కిందటి ఒక రాత్రి ఏం జరిగిందో నిమిషంలో తీసి చూపిస్తుంది. ప్లాస్మా ఉంచే మైనస్ 30 డిగ్రీల ఫ్రీజర్లు, మైనస్ 80 డీప్ ఫ్రీజర్లు, 20 నుంచి 24 డిగ్రీల మధ్య నిరంతరం కదులుతూ ఉండాల్సిన ప్లేట్‌లెట్ ఇంక్యుబేటర్లు ఉన్న కాంపోనెంట్ సెంటర్లలో (రక్తాన్ని భాగాలుగా విడదీసే కేంద్రాల్లో) ఇన్ని యంత్రాలను ఒక్కచోట నుంచి చూడాలంటే డిజిటల్ తప్ప దారి లేదు. డెంగీ సీజన్‌లో ప్లేట్‌లెట్ల కోసం ఆస్పత్రి ముందు బంధువులు వరుస కడతారు. ఆ రోజుల్లో ఇంక్యుబేటర్ కదలిక ఆగిపోయిందని పొద్దున్నే వచ్చి తెలుసుకుంటే ఏం లాభం? ఇక రక్తం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పంపే డబ్బాలో పెన్ను, కాగితం ఎలాగూ పనికిరావు. అరచేతిలో పట్టే యూఎస్‌బీ లాగరే వేయాలి. ఇక్కడ చర్చే అక్కర్లేదు.

మరి నా అభ్యంతరం ఎక్కడ? లాగర్‌ను పెట్టే తీరు దగ్గర.

నేను పనిచేసిన ఒక బ్లడ్ బ్యాంక్‌లో చార్ట్ రికార్డర్లు తీసేసి, అన్ని ఫ్రిజ్‌ల రీడింగులూ ఒక కంప్యూటర్‌కు వచ్చేలా చేశారు. ఆ కంప్యూటర్‌ను ఆఫీసు గదిలో పెట్టారు. గదికి తాళం. మెసేజ్‌లు వెళ్లేది ఇద్దరు అధికారుల ఫోన్లకు. పండగ సెలవుల్లో ఒక ఫ్రిజ్ లోపలి ఫ్యాన్ ఆగిపోయింది. తలుపు మీది డిస్‌ప్లే మాత్రం 4 డిగ్రీలు చూపిస్తూనే ఉంది. ఎందుకంటే ఆ అంకె వచ్చేది పైన చల్లటి కాయిల్ పక్కనున్న సెన్సర్ నుంచి. ఫ్యాన్ తిరగకపోవడంతో ఆ చల్లదనం కింది అరలకు దిగలేదు. లాగర్ ప్రోబ్ కింది అరలో ఉంది, అది పెరుగుదలను నిజాయితీగా నమోదు చేసింది. కానీ ఆ గీత తాళం వేసిన గదిలో ఉంది. డ్యూటీలో ఉన్న కుర్రాడు డిస్‌ప్లే చూసి రిజిస్టర్‌లో 4 అని రాసుకున్నాడు. మెసేజ్‌లు వెళ్లాల్సిన సిమ్‌కు రీచార్జ్ అయిపోయిందని తర్వాత తేలింది. బ్యాగులన్నీ పారేయాల్సి వచ్చింది. ఒక్కో బ్యాగూ ఒక మనిషి తన పని మానుకుని వచ్చి, చెయ్యి చాచి ఇచ్చిన 350 లేదా 450 మిల్లీలీటర్ల రక్తం. ఆ రోజు మెమో అందుకున్నది మాత్రం ఆ కుర్రాడే. తప్పు అతనిదని నేను ఇప్పటికీ అనుకోను. అతనికి చూపించిన అంకె 4.

అందుకే అధికారులకు గట్టిగా చెబుతున్నాను. ఫ్రిజ్ తలుపు మీద వెలిగే అంకె రికార్డు కాదు. అది ఫ్రిజ్ తన కంప్రెసర్‌ను నడుపుకోవడానికి వాడుకునే అంకె. రికార్డర్‌కు సొంత ప్రోబ్ ఉండాలి. ఆ ప్రోబ్ గాల్లో వేలాడకూడదు, బ్యాగులో ఎంత ద్రవం పడుతుందో అంతకు మించని సీసాలో పది శాతం గ్లిసరాల్ ద్రావణం పోసి అందులో ముంచాలి. అప్పుడే అది గాలి వేడిని కాక రక్తం వేడిని చెబుతుంది. గాల్లో వదిలిన ప్రోబ్ తలుపు తీసిన ప్రతిసారీ అలారం మోగిస్తుంది. రెండు రోజులు భరించి మూడో రోజు ఎవరో ఒకరు ఆ అలారం నోరు నొక్కేస్తారు.

ఇంకో సంగతి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటుతో పాటు సెల్ టవర్లూ పోయాయి. అలాంటి రోజుల్లోనే రక్తం ఎక్కువ అవసరం, అలాంటి రోజుల్లోనే ఫ్రిజ్ జనరేటర్ మీద బతుకుతుంది. రీడింగును ఎప్పటికప్పుడు ఎక్కడో ఉన్న సర్వర్‌కు పంపి తన దగ్గర ఏమీ ఉంచుకోని లాగర్ అప్పుడు ఉన్నా లేనట్టే. 2018లో తిత్లీ శ్రీకాకుళాన్ని ఊపేసినప్పుడూ, 2024లో బుడమేరు విజయవాడను ముంచినప్పుడూ చూశాం, కరెంటు, సిగ్నల్ రెండూ కలిసే పోతాయి. కోస్తాలో కొనే ప్రతి లాగర్‌కు సొంత మెమరీ, సొంత బ్యాటరీ ఉండి తీరాలి. పదహారు వేల రీడింగులు పట్టే మెమరీ ఉన్నదాన్ని పది నిమిషాలకో రీడింగుకు పెడితే దాదాపు నూట పది రోజులు తనలోనే దాచుకుంటుంది. అంత మెమరీ పెద్ద ఖర్చేమీ కాదు.

ఇప్పుడు చిన్న కేంద్రాల సంగతికి వస్తాను. నాకు ఎక్కువ బాధ వీటి గురించే. ఏడాదికి 2,000 యూనిట్లకు మించకుండా వాడే రక్త నిల్వ కేంద్రాలు అవే రూల్స్‌లోని షెడ్యూల్ కె కింద లైసెన్సు అక్కర్లేకుండా నడుస్తాయి. ఏజెన్సీ ప్రాంతాల్లోనూ, దూరపు మండలాల్లోనూ కాన్పు తర్వాత ఆగని రక్తస్రావంతో వచ్చే తల్లులకు ఇవే దిక్కు. అక్కడ బయోమెడికల్ ఇంజనీర్ ఉండడు. ఒక ఫ్రిజ్, ఒక టెక్నీషియన్, చాలాసార్లు ఆ టెక్నీషియనే ల్యాబ్ పని కూడా చూడాలి. ఫోన్ సిగ్నల్ వానకు పోతుంది. అలాంటి చోట నెలనెలా సబ్‌స్క్రిప్షన్ కట్టాల్సిన లాగర్ పెడితే, కట్టడం ఆగిన నెల నుంచి అది గోడకు వేలాడే డబ్బా అవుతుంది. చార్ట్ రికార్డర్ చెడిపోతే కళ్లకు కనిపిస్తుంది, గీత ఆగిపోతుంది. సిగ్నల్ పోయిన లాగర్ చెడిపోయిన సంగతి అడిగితేగానీ చెప్పదు. అందుకని ఈ కేంద్రాల్లో పెన్ను, కాగితం ఉంచండి. ఏడాదికి సరిపడా కాగితాలు, పెన్ను మొనలు ఒకేసారి పంపండి. కుదిరితే దానికి తోడుగా, తెర మీదే కనిష్ఠం, గరిష్ఠం చూపించే, బ్యాటరీతో నడిచే చిన్న లాగర్ ఒకటి ఇవ్వండి. రెండూ ఒకే మాట చెబుతున్నంతకాలం టెన్షన్ లేదు. తేడా వచ్చిన రోజున ఏది తప్పో వెంటనే వెతకొచ్చు.

పెద్ద కాంపోనెంట్ సెంటర్లకు డిజిటల్ కొనేటప్పుడు స్పెసిఫికేషన్‌లో ఏం రాయాలన్నది కూడా నాకు తోచినంత చెబుతాను. ప్రతి ఫ్రిజ్ పక్కనా, కనీసం గత ఇరవై నాలుగు గంటల గీతను చూపించే తెర ఉండాలి. ఒక్క అంకె చాలదు, గీతే కావాలి. రికార్డును ఎవరైనా మారిస్తే ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారన్నది చెరిగిపోకుండా ఉండాలి. కంపెనీ సాఫ్ట్‌వేర్ లేకపోయినా తెరుచుకునే పీడీఎఫ్‌గా ఆ రికార్డు బయటికి రావాలి. కంపెనీ మూతపడినా, కాంట్రాక్టు మారినా మన పాత రికార్డు మన దగ్గరే ఉండాలి. అలారం హద్దులు సరిగ్గా 2, 6 దగ్గర పెట్టకండి. కొంచెం లోపలికి, రెండున్నర, అయిదున్నర దగ్గర పెడితే బ్యాగులు ఇంకో ఫ్రిజ్‌కు మార్చడానికి టైమ్ దొరుకుతుంది. అలారం ముందు మోగాల్సింది డ్యూటీ గదిలో, ఆ తర్వాతే అధికారి ఫోన్‌లో. మోగినప్పుడు ఎవరినీ అడగకుండా బ్యాగులు మార్చే అధికారం నైట్ డ్యూటీ టెక్నీషియన్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. అర్ధరాత్రి అనుమతి కోసం ఫోన్లు చేస్తూ కూర్చుంటే పోయే నిమిషాలు తిరిగిరావు.

కొన్న మొదటి ఏడాది తర్వాత క్యాలిబ్రేషన్‌కు, అంటే పరికరం సరిగ్గా కొలుస్తోందో లేదో ల్యాబ్‌లో సరిచూడటానికి, డబ్బు ఉండదు. ఇది అన్నిచోట్లా ఉన్న సమస్య. లాగర్ కొన్న ధరలోనే కనీసం అయిదేళ్ల క్యాలిబ్రేషన్ ఖర్చు కలిపి టెండరు పిలవండి. ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్ సర్టిఫికెట్ అడగండి. ఆ మధ్యలో మేం చేసుకోగలిగింది మేం చేసుకుంటాం. శుభ్రమైన నీళ్లతో చేసిన ఐసును మెత్తగా దంచి, కొంచెం నీళ్లు కలిపి, ప్రోబ్‌ను అందులో ముంచితే రీడింగ్ సున్నా చూపాలి. అర డిగ్రీ తేడా చూపిస్తే దాన్ని పంపించేయాలి. దీనికి పైసా ఖర్చు లేదు. కాకపోతే నెలకోసారి ఆ పని చేశామని రాసుకునే రిజిస్టర్‌ను పై అధికారి అడిగి చూడాలి. ఎవరూ చూడని రిజిస్టర్ ఎలా నిండుతుందో అందరికీ తెలుసు.

ఔషధ నియంత్రణ శాఖ ఇన్‌స్పెక్టర్లకు ప్రత్యేకంగా ఒక విన్నపం. తనిఖీకి వచ్చినప్పుడు ఫైలులో చార్ట్‌లు ఉన్నాయా లేవా అని మాత్రం చూడకండి. ఒకటి తీసి చూడండి. వారమంతా తలుపే తీయనట్టు గీత గుండ్రంగా, నున్నగా ఉంటే అనుమానించండి, ఆ పెన్ను కదలడం లేదు. మధ్యలో ఉబ్బు ఉంటే పక్కన కారణం రాసి, సంతకం ఉందేమో చూడండి. డిజిటల్ సెంటర్‌కు వెళ్తే మీరు అడిగిన ఒక రాత్రి రికార్డును మెడికల్ ఆఫీసర్‌తో కాదు, ఆ డ్యూటీలో ఉన్న టెక్నీషియన్‌తో తీయించండి. అతను తీయలేకపోతే అది కూడా లోపంగానే రాయండి. ఇలా అడగడం మొదలైతే కొనుగోళ్ల తీరు దానంతట అదే మారుతుంది.

తలసేమియా పిల్లలకు రెండు, మూడు, నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఏళ్ల తరబడి, జీవితాంతం. వాళ్ల అమ్మలు బ్యాగు మీది గ్రూపు, గడువు తేదీ చూసి తీసుకెళ్తారు. ఆ బ్యాగు ఎంత చల్లదనంలో గడిపిందో చూసుకునే వీలు వాళ్లకు లేదు. చూడాల్సింది మనమే.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను నేను అడిగేవి ఇవి. కొత్త ఫ్రిజ్‌ల టెండర్లు పిలిచే ముందు బ్లడ్ బ్యాంక్ టెక్నీషియన్లను కూడా కూర్చోబెట్టుకుని స్పెసిఫికేషన్ రాయండి. పనిచేస్తున్న చార్ట్ రికార్డర్‌ను, దాని స్థానంలో పెట్టే లాగర్ ఒక పూర్తి ఎండాకాలం, ఒక పూర్తి వానాకాలం దాని పక్కనే నడిచి సరిగ్గా ఉందని తేలేవరకు తీయొద్దని ఉత్తర్వు ఇవ్వండి. నిల్వ కేంద్రాలకు కాగితాలు, పెన్నులు, క్యాలిబ్రేషన్ ఖర్చును విడిగా ఒక పద్దు కింద చూపించండి, అవి ఆస్పత్రి స్టేషనరీలో కలిసిపోతే మా దాకా రావు. రికార్డర్ల మీద ఏ జిల్లాలో శిక్షణ పెట్టినా వచ్చి నేర్పడానికి నేను సిద్ధం.

ఇట్లు,
ఒక బ్లడ్ బ్యాంక్ టెక్నీషియన్